లాప్‌టాప్‌కు ర్యామ్ పెంచడం, కంప్యూటర్‌ను కాపాడుకోవడం: తిరుపతిలో మా బల్ల దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో లాప్‌టాప్‌లు బాగుచేసే పని నాది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బాలాజీ కాలనీ, కొర్లగుంట, భవానీ నగర్ వైపు హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. మిగతావాళ్లు టీచర్లు, చిన్న వ్యాపారులు, ఫొటో స్టూడియోల వాళ్లు, చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. దాదాపు అందరి మొదటి మాటా ఒకటే: "అన్నా, స్లో అయిపోయింది, ర్యామ్ వెయ్." ర్యామ్ అంటే తెరిచి ఉన్న పనులను మెషీన్ తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ. ర్యామ్ కోసం వచ్చినవాళ్లతో నేను సెక్యూరిటీ గురించి కూడా మాట్లాడతాను. మెషీన్ బాగా నడుస్తున్నంత కాలం ఎవరూ దాన్ని పట్టించుకోరు. నెమ్మదించిన రోజే దాని వైపు చూస్తారు. ఆ రోజే రెండు పనులూ చూసుకుంటే మళ్లీ చాలాకాలం టెన్షన్ ఉండదు.

అన్నా, ర్యామ్ వేస్తే స్పీడ్ అవుతుందా?

ముందు చూద్దాం, తర్వాత వేద్దాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ మీద నొక్కితే సీపీయూ, మెమరీ, డిస్క్ వరుసగా కనిపిస్తాయి. మీరు రోజూ తెరిచేవన్నీ, అంటే బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, ఒక ఎక్సెల్ షీటు, ఒక ఆన్‌లైన్ క్లాసు తెరిచిపెట్టి వాటిని గమనించండి. మెమరీ 85 శాతం దాటి కిందికి దిగకపోతే ర్యామ్ చాలడం లేదు. మెమరీ సగంలోనే ఉండి డిస్క్ మాత్రం 100 దగ్గర కొట్టుకుంటుంటే మీకు కావాల్సింది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్.

పుత్తూరు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ 8 జీబీ ర్యామ్ వేయించుకుందామని డబ్బు తెచ్చుకున్నారు. టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను. మెమరీ 45 శాతం, డిస్క్ 100 శాతం. లోపల తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉంది. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ పెడితే, ఆన్ కావడానికి నాలుగు నిమిషాలు పట్టేది అర నిమిషంలోపే వచ్చేసింది. ర్యామ్ ముట్టుకోలేదు. ఆ రోజు చూడకుండా ర్యామ్ వేసి పంపి ఉంటే ఆమె డబ్బు వృథా అయ్యేది, మెషీన్ అలాగే ఉండేది.

ఇంకోటి కూడా ఉంది. మీరేమీ చేయకుండా ఊరికే కూర్చున్నా సీపీయూ 80, 90 చూపిస్తూ ఫ్యాన్ గోల పెడుతుంటే అనుమానించండి. మీకు తెలియకుండా ఎవరి కోసమో క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రామ్ లోపల నడుస్తూ ఉండొచ్చు. హాస్టల్ పిల్లల లాప్‌టాప్‌లలో, ముఖ్యంగా క్రాక్ గేములు, అంటే డబ్బు కట్టకుండా వాడేలా తాళం పగలగొట్టినవి, దించుకున్నవాటిలో, ఇది నేను చాలాసార్లు చూశాను. అలాంటిదానికి ఎంత ర్యామ్ వేసినా లాభం లేదు.

ఎంత ర్యామ్ ఉంటే చాలు?

విండోస్ 11 ఆన్ అయి ఊరికే ఉన్నా మూడు, నాలుగు జీబీ తీసుకుంటుంది. అందుకే 4 జీబీతో ఇప్పుడు బండి నడవదు, మైక్రోసాఫ్ట్ దాన్ని కనీస అర్హతగా రాసినా సరే. ఇంటి లెక్కలు, బ్రౌజింగ్, పిల్లల చదువు వరకు 8 జీబీ చాలు. ఇంజినీరింగ్ పిల్లలు ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, వర్చువల్ మెషీన్లు వాడతారు కాబట్టి 16 పెట్టుకోండి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు 32 ఉంటే పని సాఫీగా సాగుతుంది.

మరీ పాత మెషీన్లలో విండోస్ 32 బిట్ ఉందేమో చూసుకోండి. అది ఉంటే మీరు 8 జీబీ పెట్టినా 4 జీబీకి మించి వాడుకోదు. ముందు 64 బిట్ వేయించాలి.

నా లాప్‌టాప్‌కు ఏ ర్యామ్ పడుతుంది?

లాప్‌టాప్ ర్యామ్ కర్ర పొట్టిగా ఉంటుంది, దాన్ని సోడిమ్ అంటారు. అందులో తరాలున్నాయి. డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. ఒక తరానిది ఇంకో తరం స్లాట్‌లో కూర్చోదు. కింద బంగారు రంగు కాళ్ల మధ్య చిన్న గాటు ఉంటుంది, ఆ గాటు చోటు ఒక్కో తరానికి మారుతుంది. కూర్చోకపోతే బలం పెట్టి నొక్కకండి, అది తప్పు ర్యామ్ అన్నమాట.

డీడీఆర్3లో మళ్లీ రెండు రకాలు. మామూలుది 1.5 వోల్టులతో, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులతో నడుస్తాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, స్లాట్‌లోనూ కూర్చుంటాయి. కానీ నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లున్న లాప్‌టాప్‌లలో మామూలు డీడీఆర్3 పెడితే చాలావరకు స్క్రీన్ రాదు. పాత కర్ర మీద పీసీ3 తర్వాత ఎల్ అక్షరం ఉందో లేదో చూసి కొనండి. డీడీఆర్4 1.2 వోల్టులు, డీడీఆర్5 1.1 వోల్టులు.

12, 13వ తరం ఇంటెల్ లాప్‌టాప్‌లతో ఇంకో చిక్కు. కొన్నింటికి డీడీఆర్4, కొన్నింటికి డీడీఆర్5. పెట్టె మీద పేరు చూసి ఊహించకండి, టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో చూడండి. వేగం 3200 లేదా అంతకన్నా తక్కువుంటే చాలావరకు డీడీఆర్4, 4800, 5200, 5600 అలా ఉంటే డీడీఆర్5. సందేహముంటే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తరం పేరుతో సహా చెప్తుంది.

అసలు పెంచుకునే వీలుందో లేదో విప్పకుండా తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. అదే మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది. రెండింటిలో ఒకటి వాడుతోంది అంటే ఇంకొకటి ఖాళీ. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే మార్చుకోవచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్‌ను బోర్డు మీదే అతికించేశారు, మార్చడం కుదరదు. మ్యాక్‌బుక్ ఎయిర్ లాంటివాటిలోనూ, పలుచని లాప్‌టాప్‌లు చాలావాటిలోనూ ఇదే పరిస్థితి. కొత్తది కొనేటప్పుడే ఈ ఒక్క ప్రశ్న అడగండి. అతికించినదైతే మొదటి రోజే 16 జీబీ ఉన్నది తీసుకోండి. తర్వాత ఎంత డబ్బున్నా దానికి కలపలేరు.

పాత ర్యామ్ పక్కన వేరే కంపెనీది పెట్టొచ్చా?

పెట్టొచ్చు. తరం ఒకటే అయితే చాలావరకు కలిసి నడుస్తాయి. వేగాలు వేరైతే రెండూ తక్కువ వేగానికి దిగుతాయి, 2666 పక్కన 3200 పెడితే రెండూ 2666లోనే నడుస్తాయి. ఒకే సైజువి రెండు పెడితే డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి పనిచేస్తాయి, ప్రత్యేకంగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లకు అది బాగా పనికొస్తుంది. 16 జీబీది ఒక్కటి వేసే బదులు 8, 8 వేయమని నేను చెప్పేది అందుకే.

ర్యామ్ రేట్లు ఎందుకంత పెరిగాయి? చెన్నై వెళ్లి తెచ్చుకుంటే మేలా?

2025 చివరి నుంచి ధరలు బాగా ఎక్కాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం చిప్ కంపెనీలు తమ తయారీని అటు మళ్లించాయి, మన లాంటి వాళ్లు కొనే ర్యామ్‌కు కొరత వచ్చింది. మైక్రాన్ కంపెనీ తన క్రూషల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది కూడా. కాబట్టి నిరుడు ఫ్రెండ్ కొన్న రేటు చెప్పి ఇప్పుడు బేరమాడితే ఎవరూ ఇవ్వలేరు.

మనవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు, చిత్తూరు వైపు వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లడం పాత అలవాటే. ఒక్క ర్యామ్ కోసమైతే బస్సు ఛార్జీ, ఒక రోజు పని పోగొట్టుకుని వెళ్లడం నాకు గిట్టుబాటుగా అనిపించదు. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. ధర పెరిగినప్పుడే స్టిక్కర్ మార్చిన సరుకు కూడా దిగుతుంది. వేశాక సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ పేజీ తెరిస్తే తయారీ కంపెనీ, పార్ట్ నంబర్, సైజు కనిపిస్తాయి. అవి స్టిక్కర్‌తో కలవకపోతే అప్పుడే వెనక్కిచ్చేయండి.

ఇంట్లో నేనే వేసుకోవచ్చా?

స్లాట్ ఉన్న లాప్‌టాప్ అయితే వేసుకోవచ్చు. ఓపిక కావాలి, అంతే. వారంటీ ఉంటే మాత్రం ముందు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడగండి, ఎందుకంటే ఒక్కో కంపెనీ షరతు ఒక్కోలా ఉంటుంది.

పని మొదలుపెట్టేముందు షట్‌డౌన్ చేసి ఛార్జర్ పీకండి. స్లీప్‌లో పెట్టి విప్పడం కాదు, పూర్తిగా ఆపాలి.  ఒక తెల్లకాగితం మీద లాప్‌టాప్ వెనక మూత బొమ్మ గీసుకోండి. ఏ మూల స్క్రూ తీస్తే కాగితం మీద ఆ మూలనే పెట్టండి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ ముందు వైపువి పొట్టివి, వెనక హింజ్ దగ్గరవి పొడుగ్గా ఉంటాయి. పొడుగు స్క్రూ పొట్టి చోట బిగిస్తే అది పైకి పొడుచుకొస్తుంది. కీబోర్డు దగ్గర అలా ఉబ్బిన లాప్‌టాప్‌లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. కొన్ని స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాక్కుంటాయి. అన్నీ తీశాక కూడా మూత రాకపోతే లాగొద్దు, ఇంకోటి ఎక్కడో ఉంది. మూత అంచు ఎత్తడానికి స్క్రూడ్రైవర్ వద్దు, పాత ఏటీఎం కార్డు వాడండి.

మూత తెరవగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఆ తర్వాత పవర్ బటన్‌ను ఒక 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. స్టాటిక్ గురించి జాగ్రత్త. నైలాన్ బట్టలతో, దుప్పటి మీద కూర్చుని ఈ పని చేయకండి. చెక్క బల్ల మీద పెట్టుకుని, వంటింటి స్టీలు కుళాయిని ఒకసారి చేత్తో తాకి రండి. ర్యామ్‌ను అంచులు పట్టుకునే ఎత్తండి, బంగారు కాళ్లకు వేళ్లు తగలనివ్వకండి.

స్లాట్‌కు రెండు పక్కలా చిన్న ఇనుప క్లిప్పులుంటాయి. వాటిని రెండు బొటనవేళ్లతో పక్కకు జరిపితే పాత కర్ర తనంతట తాను ఏటవాలుగా లేస్తుంది. కొత్తదాన్ని కూడా అదే వాలులో, సుమారు 30 డిగ్రీలలో, గాటు చూసుకుని లోపలికి తోయండి. బంగారు కాళ్లు బయటికి కనిపించకూడదు, మహా అయితే సన్నని గీత మిగలాలి. అప్పుడు పైనుంచి మెల్లగా కిందికి వంచితే రెండు క్లిప్పులూ టక్కున పట్టుకుంటాయి. ఒకవైపే టక్కుమంటే సరిగా కూర్చోలేదు, తీసి మళ్లీ పెట్టండి. చివర్లో బ్యాటరీ కనెక్టర్ మళ్లీ తగిలించి మూత బిగించండి. ఇంట్లో వేసుకుని "పనిచేయట్లేదన్నా" అని తెచ్చినవాటిలో చాలావాటికి లోపం ఇదే, కాళ్లు పూర్తిగా లోపలికి పోలేదు.

వేశాను, స్క్రీన్ నల్లగా ఉంది. పోయిందా?

కంగారుపడి బటన్ నొక్కుతూ ఉండకండి. ర్యామ్ మారినప్పుడు మెషీన్ దాన్ని పరీక్షించుకుని సర్దుబాటు చేసుకుంటుంది. డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు కూడా పట్టొచ్చు. ఛార్జర్ పెట్టి పది నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే ఆపి, ఒక్కొక్క ర్యామ్ విడిగా పెట్టి చూడండి. వచ్చాక కూడా మధ్యలో నీలం స్క్రీన్ పడి ఆగిపోతుంటే స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ అని వెతికి నడపండి. ఇంకా నమ్మకంగా కావాలంటే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపాలి. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ మార్పించుకోండి. పాడైన ర్యామ్ మీ ఫైళ్లను మీకు తెలియకుండా తప్పుగా రాసేస్తుంది, అది మెషీన్ ఆగిపోవడం కన్నా ప్రమాదం.

8 జీబీ వేస్తే 5.9 అని చూపిస్తోంది. మోసమా?

కాదు. గ్రాఫిక్స్ కోసం మెషీన్ కొంత పక్కకు తీసి పెట్టుకుంటుంది, రైజెన్ లాప్‌టాప్‌లలో ఇది 2 జీబీ దాకా ఉంటుంది. మెమరీ పేజీలో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని ఉన్నది అదే.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ చెప్పాలా?

ర్యామ్ వేయడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఎంత ర్యామ్ పడిందో బయాస్‌లోనే, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర మీదే కనిపిస్తుంది. ఎవరైనా పిన్ కాగితం మీద రాసి లాప్‌టాప్‌కు అతికించి ఇస్తే నేను దాన్ని చించేసి, చించానని వాళ్లకు చెప్తాను. పావుగంట పని, ఎదురుగా కూర్చుని చేయించుకోండి. మెషీన్ వదిలి వెళ్లాల్సి వస్తే లోపలి ర్యామ్, డిస్క్ స్టిక్కర్లు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా ఆడపిల్లలకు చెప్తున్నాను, ఫొటోలున్న డ్రైవ్‌ను తెరిచిపెట్టి వెళ్లకండి. విండోస్‌లోకి వెళ్లి చూడాల్సిన పని ఉంటే వేరే ఖాతా ఒకటి చేసి ఆ పిన్ ఇవ్వండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. కొత్త విండోస్ 11 మెషీన్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డ్రైవ్ దానంతట అదే తాళం పడిపోతుంది. దొంగ చేతికి చిక్కినా డేటా దక్కదు కాబట్టి అది మంచిదే. కానీ బయాస్ అప్‌డేట్ అయినా, లోపల భాగాలు మారినా ఒక్కోసారి బిట్‌లాకర్ (డ్రైవ్‌కు వేసే ఆ తాళం పేరు) తాళంచెవి అడుగుతుంది, 48 అంకెలది. దాన్నే రికవరీ కీ అంటారు. మదనపల్లె అబ్బాయి ఒకడు ఫైనలియర్ ప్రాజెక్టుతో సహా లాప్‌టాప్ తెచ్చాడు, నీలం తెర మీద ఆ 48 అంకెలు అడుగుతోంది. కొన్న రోజు అమ్మినవాళ్లే ఏదో మెయిల్ ఐడీ పెట్టి సెట్ చేసి ఇచ్చారట. ఆ మెయిల్ ఏదో అతనికి తెలియదు, అమ్మినవాళ్లకు గుర్తులేదు. ప్రాజెక్టు పోయింది. నేను చేయగలిగింది ఏమీ లేక, ఆ అబ్బాయి ముఖం చూడలేకపోయాను. కాబట్టి ఈ రోజే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో రికవరీ కీ చూసి, కాగితం మీద రాసి, సర్టిఫికెట్ల ఫైల్‌లో పెట్టుకోండి. లాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టకండి.

యాంటీవైరస్ కొనాలా?

మామూలు ఇంటి వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. అది ఉచితం, రోజూ అప్‌డేట్ అవుతుంది. డబ్బు పెట్టి కొనుక్కున్నది ఉంటే ఉంచుకోండి, కానీ బయటివి రెండు ఒకేసారి వేయకండి. ఒకదానితో ఒకటి పోట్లాడి మీ ర్యామ్ తినేస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో వైరస్ శుభ్రం చేసే టూల్స్ ఉచితంగా ఉన్నాయి, అవీ వాడుకోవచ్చు.

విండోస్ 10 ఇంకా వాడొచ్చా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి వాడకందారులకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తారు. ఆ తర్వాత బయటపడే లోపాలకు అతుకు ఉండదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. అంతకన్నా పాతదైతే, బ్రౌజింగ్, టైపింగ్ వరకే మీ పని అయితే, విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లైనక్స్ మింట్ వేసుకోండి. 8 జీబీ, ఒక ఎస్ఎస్‌డీ ఉంటే పాత మెషీన్ హాయిగా నడుస్తుంది. మా పెద్దమ్మ కొడుకు షాపు లెక్కలు మూడేళ్లుగా దానిమీదే రాస్తున్నాడు.

అప్‌డేట్లు ఆపేస్తే నెట్ మిగులుతుంది కదా?

నెట్ మిగులుతుంది, మెషీన్ పోతుంది. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే అతుకు ఇచ్చింది. వేసుకున్న మెషీన్లలోకి అది ఆ దారిన దూరలేకపోయింది. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. వారానికి ఒకసారి వైఫై దొరికే చోట, కాలేజీలోనో ఫ్రెండ్ ఇంట్లోనో, అరగంట పెట్టి అప్‌డేట్ చేసుకోండి.

క్రాక్ సాఫ్ట్‌వేర్ అందరూ వాడుతున్నారు, నాకేం అవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబుగా నేను ఒక స్టూడియో ఆయన సంగతి చెప్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో, ఆల్బమ్‌లు ఇవ్వాల్సిన వారంలో, కంప్యూటర్ మోసుకుని వచ్చారు. ఫోల్డర్ తెరిస్తే ప్రతి ఫొటో పేరు చివర ఏదో వింత తోక. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లో ఒక నోట్‌ప్యాడ్ ఫైల్, అందులో డాలర్లలో రేటు, ఒక మెయిల్ అడ్రస్. రెండు రోజుల ముందు ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ దించి వేశారు. "డిఫెండర్ అడ్డం పడుతుంటే ఆపేశాను సార్" అన్నారు. ఏడు పెళ్లిళ్ల ఫొటోలు. కెమెరా కార్డుల్లో మిగిలినవాటి నుంచి మూడు పెళ్లిళ్లవి తిరిగి తీయగలిగాను. మిగతా నాలుగు కుటుంబాలకు ఆయన ఏం చెప్పుకున్నారో నేను అడగలేదు.

డిఫెండర్ ఆపమని అడిగే ఏ సాఫ్ట్‌వేరూ మీ మేలు కోరేది కాదు. విండోస్ యాక్టివేటర్లకూ ఇదే మాట. ఫైళ్లకు తాళం వేసేది కళ్లకు కనిపిస్తుంది. కనిపించనిది ఇంకా చెడ్డది. మీ బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనూ, లాగిన్ అయి ఉన్న గుర్తులనూ నిమిషంలో ఊడ్చుకుపోయే రకం ఉంది. ఆ గుర్తులు పోతే ఓటీపీ అడగకుండానే మీ జీమెయిల్‌లోకి దూరగలరు. అనుమానం వస్తే ఆ లాప్‌టాప్ నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కొట్టండి. ఆ తర్వాతే మెషీన్ ఫార్మాట్ చేయించండి.

రాన్సమ్‌వేర్ పడితే డబ్బు కట్టకండి, కట్టినా తాళంచెవి ఇస్తారన్న హామీ లేదు. యూరోపోల్ తదితరులు 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకు ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. తాళం పడ్డ ఫైళ్లను చెరిపేయకుండా ఒక డిస్క్‌లో ఉంచండి, ఈ రోజు దొరకని తాళంచెవి రేపు దొరకొచ్చు.

పరిష్కారం బ్యాకప్ ఒక్కటే. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ అయ్యాక దాన్ని పీకి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే దానికీ తాళం పడుతుంది. 2021 నవంబర్ వానల్లో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు లాప్‌టాప్, బ్యాకప్ డిస్క్ రెండూ ఒకే బల్ల కింద తడిసిన ఇళ్లు నాకు తెలుసు. ఇంటి బయట ఒకటి అనేది అందుకే.

"మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు" అని మూలన వస్తూనే ఉంది, ఏం చేయాలి?

అది చాలావరకు వైరస్ కాదు. ఏదో సైట్‌లో అలో అని నొక్కి ఉంటారు, అది పంపే నోటిఫికేషన్ అది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని సైట్‌లన్నీ తీసేయండి. తెర నిండా ఎర్రగా వచ్చి ఫోన్ నంబర్ చూపిస్తే ఆ నంబర్‌కు చేయకండి. దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ అనే ప్రోగ్రామ్ వేయమంటారు, మీ తెర వాళ్ల చేతిలోకి వెళ్తుంది. మైక్రోసాఫ్ట్ తెర మీద నంబర్ ఇచ్చి ఫోన్ చేయమనదు.

జిరాక్స్ షాపులో ప్రింట్ తీసుకుంటే ప్రమాదమా?

కౌన్సెలింగ్ రోజుల్లో షాపు ముందు క్యూ ఉంటుంది, వెనక వాళ్లు తొందరపెడతారు. వాట్సాప్ వెబ్ తెరిచి ప్రింట్ తీసుకుని, లాగౌట్ చేయకుండానే పరుగెడతారు. అప్పటి నుంచి మీ ఇంటి మాటలన్నీ ఆ కంప్యూటర్‌లో కనిపిస్తూనే ఉంటాయి. ఇప్పుడే ఫోన్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి, మీకు తెలియనిది ఏదున్నా తీసేయండి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకోండి. ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి 4 అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి ఉంటుంది. అంటే మీ పేరు, వయసు తెలిసిన ఎవరైనా తెరవగలరు, అందుకే ఆ ఫైల్‌ను షాపు డెస్క్‌టాప్ మీద వదలకండి. పెన్‌డ్రైవ్ ఇచ్చారా, ఇంటికొచ్చాక తెరిచేముందు డిఫెండర్‌తో స్కాన్ చేయండి. లోపల ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటే వాటి మీద నొక్కకండి. అసలు ఫైళ్లు దాచిపెట్టి ఉంటాయి, పోలేదు.

దర్శనం టికెట్ల సైట్ అసలుదో నకిలీదో ఎలా తెలుసుకోవాలి?

మన ఊరికి వచ్చే బంధువులందరూ మనల్నే అడుగుతారు కాబట్టి ఇది తెలిసి ఉండాలి. టీటీడీ అధికారిక సైట్ పేరు టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. చూడాల్సింది చివర. సైట్ పేరు తర్వాత వచ్చే మొదటి అడ్డగీత లోపు అడ్రస్ డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగియాలి. పేరులో తిరుమల, బాలాజీ, దర్శన్ అని ఎన్ని మాటలున్నా, చివర డాట్ కామ్, డాట్ ఆర్గ్ ఉంటే అక్కడ డబ్బు కట్టకండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేది ప్రకటన కావచ్చు. నకిలీ సైట్ల గురించి టీటీడీ చాలాసార్లు హెచ్చరించింది, కేసులూ పెట్టించింది. దేవుడి పేరు చూడగానే మనకు అనుమానం రాదు, మోసగాళ్లకు కావాల్సింది అదే. అడ్రస్‌ను చేత్తో ఒకసారి టైప్ చేసి బుక్‌మార్క్ పెట్టుకోండి, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనూ పెట్టండి.

పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలి?

తిరుపతిలో గోవిందా, బాలాజీ, శ్రీనివాస, వాటి పక్కన 123 లేదా పుట్టిన సంవత్సరం. భక్తితోనే పెట్టుకుంటారు, కానీ ఎవరైనా ముందు ప్రయత్నించేవి అవే. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి పెట్టుకోండి. చింతాకు, గడియారం, బస్టాండు, పలుపు, ఇలా. మీకు గుర్తుంటుంది, మెషీన్‌కు ఊహించడం కష్టం. మెయిల్‌కు, బ్యాంకుకు ఒకే పాస్‌వర్డ్ వద్దు. మెయిల్‌కు రెండంచెల లాగిన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లోనూ ఒప్పుకోమని అడిగేది, తప్పకుండా పెట్టండి, మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ దాని ద్వారానే మార్చొచ్చు కాబట్టి.

డబ్బు పోయింది. ఎవరికి చెప్పాలి?

వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, బ్యాంకుకు కూడా చెప్పండి. మెసేజ్‌లు, ట్రాన్సాక్షన్ నంబర్లు చెరిపేయకండి. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిన పిల్లలు ఉన్నారు. తల్లిదండ్రులకు నా మనవి, ఆ ఫోన్ చేసేదాకా తిట్టకండి.

తీసేసిన పాత ర్యామ్, పాత డిస్క్ ఏం చేయాలి?

ర్యామ్‌లో మీ సమాచారం ఏదీ ఉండదు, కరెంటు పోగానే అంతా పోతుంది. కొత్తది వచ్చిన యాంటీస్టాటిక్ కవర్‌లో పాతది పెట్టి ఉంచండి, కొత్తది మొరాయిస్తే పరీక్షకు పనికొస్తుంది. లేదా నాలాంటివాళ్లకు అమ్మేయండి. హార్డ్ డిస్క్ అలా కాదు. మామూలుగా ఫార్మాట్ కొట్టినా లోపలి ఫొటోలు చాలాసార్లు వెనక్కి తీయొచ్చు. అది పాడైపోయిందని చెప్పినా సరే, మా దగ్గరే వదిలేసి వెళ్లకండి. అడిగి తీసుకుని మీ ఇంటికి పట్టుకెళ్లండి.